బేలు మధ్యలో ఆకు

శనివారం రాత్రి.

సోమవారం పెదనాన్న పొగాకు వేలానికి వెళ్లాలి. పొద్దుటి నుంచి అందరం గ్రేడింగ్ దగ్గరే ఉన్నాం. చేతులకు పట్టిన జిగురు సబ్బుకి కూడా వదల్లేదు. పైనా పక్కలా మంచి పసుపు రంగు ఆకు పేర్చి, మధ్యలో మచ్చల ఆకు కూరి బేలు కట్టడం మా వైపు కొత్తేమీ కాదు. కొనేవాడు చెయ్యి పెట్టి లాగితే దొరికిపోతుంది, లేకపోతే గట్టెక్కుతుంది.

కూలికి వచ్చిన అక్క మచ్చల ఆకు ఒళ్లో వేసుకుని, "ఎప్పట్లా మధ్యలో పెట్టేయనా?" అంది. పెదనాన్న తలెత్తకుండానే, "అట్టా కట్టేవాడు గుండ్లకమ్మ ఏట్లో చచ్చిపోయాడమ్మా. అది వేరే బేలు కట్టు" అన్నాడు.

ఆయన ఆ ఏట్లో బాప్తిస్మం తీసుకుంది పోయిన ఏడాదే. బైబిల్లో రోమీయులకు రాసిన ఉత్తరం ఆరో అధ్యాయంలో పౌలు చెప్పింది ఇదే కదా: బాప్తిస్మంలో క్రీస్తుతో పాటు పాతిపెట్టబడ్డాం, ఆయన లేచినట్టే మనమూ కొత్త జీవితంలో నడవాలి. వేరే కట్టిన బేలుకు తక్కువ ధరే వస్తుంది. బ్యాంకు వాయిదా మాత్రం తగ్గదు. అది తెలిసే కట్టించాడు.

1878 జులై 3న ఇదే గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అంతకుముందు కరువు రోజుల్లో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో జనానికి పని చూపించాడు గానీ, బాప్తిస్మాలు మాత్రం ఆపేశాడు. తిండి కోసం మతంలో కలిసేవాళ్లు రాకూడదని. పని అయిపోయాక కూడా వాళ్లు వచ్చారు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

మధ్యాహ్నం తాడు తెగిందని పెదనాన్న కూలి కుర్రాడి మీద గట్టిగా అరిచాడు. సాయంత్రం డబ్బులిస్తూ, "ఏమనుకోమాకురా అబ్బాయ్" అని వాడి భుజం తట్టాడు. కొలొస్సయులకు రాసినప్పుడూ పౌలు మీరు చనిపోయారు అంటాడు, వెంటనే మీలో ఉన్నవాటిని చంపండి అంటాడు. చచ్చాక మళ్లీ చంపడమేంటి పెదనాన్నా అని అడిగాను. "తోటలో పొగాకు మొక్క తల తుంచేసినా పిలకలు వస్తాయి. కనపడినప్పుడల్లా తుంచడమే" అన్నాడు.

గట్టు గొడవ అయినప్పటి నుంచి మా చిన్నత్తతో నాకు మాటల్లేవు. రేపు ఆరాధన అయ్యాక వాళ్లింటికి వెళ్తాను.