అరుంధతి కనబడని ఊరు

నిరుడు ఫిబ్రవరిలో ఇక్కడ మెల్‌బోర్న్‌లో తెలిసినవాళ్ల పెళ్లికి వెళ్లాం. హాలు దొరికింది ఆదివారమే కాబట్టి ముహూర్తం కూడా ఆదివారం పొద్దున పదకొండుకే కుదిరింది. తలంబ్రాలు అయ్యాయి, సప్తపది అయింది. పంతులుగారు కొత్త దంపతుల్ని బయటికి తీసుకొచ్చి, కార్ పార్కింగ్ మీదుగా ఆకాశంలోకి చెయ్యి చూపించి, "అదిగో అరుంధతి, దణ్ణం పెట్టుకోండి" అన్నారు. చుర్రుమనే ఎండ. పెళ్లికూతురు కళ్లు చికిలించి చూసి "కనబడింది" అంది. నా పెళ్లిలో నేనూ అలాగే అన్నాను.

మా అమ్మాయికి పదేళ్లు. నా బ్యాగులోంచి ఫోన్ తీసి, ఏ నక్షత్రం ఎటుందో చూపించే స్టెల్లేరియం యాప్ తెరిచి అటూ ఇటూ తిప్పింది. చివరికి ఫోన్‌ని నేల వైపు వంచి, "అమ్మా, అరుంధతి కార్ల కింద ఉంది" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అది నవ్వలేదు. రాత్రికైనా వస్తుందేమోనని టైమ్ ముందుకి జరుపుకుంటూ పోయింది. రాత్రికి రాలేదు, చలికాలానికి రాలేదు, ఏడాదంతా తిప్పినా రాలేదు.

నిజమే మరి. మెల్‌బోర్న్ భూమధ్యరేఖకి దాదాపు 38 డిగ్రీలు దక్షిణాన ఉంది. ఖగోళంలో ఉత్తరంగా 52 డిగ్రీలు దాటి ఉన్న నక్షత్రం ఏదీ ఇక్కడ క్షితిజ రేఖ దాటి పైకి రాదు. అరుంధతీ వసిష్ఠులు ఉండేది 55 దగ్గర. సప్తర్షుల్లో తోక చివర ఉండే మరీచి ఒక్కడే అలా తొంగిచూసి దిగిపోతాడు. ధ్రువుడి సంగతి చెప్పనే అక్కర్లేదు. బాపట్ల దగ్గర మా ఊళ్లో డాబా మీద పడుకుని నేను విన్న కథలన్నీ ఇక్కడ మా ఇంటి పునాది కిందే ఉన్నాయన్నమాట. పిల్లలకి ఏం చూపించాలి?

ఉన్నది అగస్త్యుడు. ఇంగ్లీషువాళ్ల కెనోపస్. మా ఊళ్లో చలికాలం రాత్రుల్లో దక్షిణాన తాటిచెట్ల మీద కాసేపు కనబడి వెళ్లిపోయేవాడు. ఇక్కడ వేసవి రాత్రి నడినెత్తికి దగ్గరలో ఉంటాడు, ఏడాదిలో ఏ రోజూ పూర్తిగా అస్తమించడు. దక్షిణానికి వెళ్లినవాడు మళ్లీ తిరిగి రాలేదని కథ. ఇక్కడ ఇల్లు కొనేసుకున్నాడని మా ఆయన అంటారు. అదే నక్షత్రాన్ని మా విక్టోరియా రాష్ట్రంలో వాయవ్యాన ఉండే బూరాంగ్ అనే ఆదివాసీ జనం 'వార్' అనేవారట, అంటే కాకి. నిప్పుని తెచ్చింది ఆ కాకేనట. విలియం స్టాన్‌బ్రిడ్జ్ అనే ఆయన 1857లోనే ఇవి రాసిపెట్టాడు. ఈ సంగతి నేను అమ్మాయికి చెప్పలేదు, అదే నాకు చెప్పింది.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ టెలిస్కోప్ కావాలని ఒకటే గొడవ. మొదటిది కొనడంలో తప్పు నాదే. ఒక పెద్ద షాపులో సేల్ నడుస్తోంది, డబ్బా మీద 525 రెట్లు అని పెద్ద అక్షరాలు. ఎవరు మాత్రం పడిపోరు? లెక్క తర్వాత తెలిసింది. దాని నాభ్యంతరం, అంటే అద్దం నుంచి వెలుగు ఒకచోట కలిసేదాకా ఉన్న దూరం, 700 మిల్లీమీటర్లు. దాన్ని ఐపీస్ (కన్ను పెట్టి చూసే కటకం) కొలతతో భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. 4 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 175 రెట్లు, దానికి బార్లో లెన్స్ అని, బొమ్మని ఇంకో మూడు రెట్లు పెంచేది తగిలిస్తే 525. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది. కానీ 76 మిల్లీమీటర్ల అద్దం 150 రెట్లు దాటితే చూపించేది మసకే. పైగా పుల్లల్లాంటి స్టాండు, ఊపిరి వదిలితే ఊగిపోయేది. మా బుడ్డోడిని ఐపీస్ దగ్గరికి ఎత్తి పట్టుకుని "కనబడిందా?" అంటే "ఆఁ, కనబడింది" అన్నాడు, అచ్చం ఆ పెళ్లికూతురి గొంతుతో. అక్క మాత్రం "నాకేం కనబడలేదు" అని మొహం మీదే చెప్పేసింది. మర్నాడు వెనక్కిచ్చేశాను.

ఇక్కడ ఆస్ట్రనామికల్ సొసైటీ ఆఫ్ విక్టోరియా అని ఉంది, 1922 నుంచీ నడుస్తోంది. వాళ్లకి హీత్‌కోట్ దగ్గర దీపాల వెలుగు సోకని స్థలం కూడా ఉంది. అందులో ఒక పెద్దాయన నాకు చెప్పిన ముక్క ఇదీ: ఎన్ని రెట్లు అని అడగొద్దు, అద్దం ఎంత వెడల్పు అని అడుగు. ఆ మాట మీద సెకండ్ హ్యాండ్‌లో ఆరంగుళాల అద్దమున్న డాబ్సోనియన్ టెలిస్కోప్ కొన్నాం. చూడటానికి నీళ్ల గొట్టం పీటమీద కూర్చున్నట్టు ఉంటుంది. మోటారు లేదు, కంప్యూటరు లేదు, చేత్తో తోస్తే తిరుగుతుంది. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి "అది టెలిస్కోపా, ఫిరంగా?" అంది.

అమ్మకి ఒక సంగతి చెబితే మాత్రం టెలిస్కోప్ మీద గౌరవం పెరిగింది. ఈ తరహా టెలిస్కోప్‌ని జనంలోకి తెచ్చిన జాన్ డాబ్సన్ కాలిఫోర్నియాలో వేదాంత సొసైటీ మఠాల్లో ఇరవై ఏళ్లకు పైగా సన్యాసిగా ఉన్నాడు. పాత ఓడల కిటికీ గాజు అరగదీసి అద్దాలు చేసేవాడు. ఆ ధ్యాసలో పడి మఠం పనికి దూరమవుతున్నాడని 1967లో పంపించేశారు. రోడ్డు పక్కన టెలిస్కోప్ పెట్టి, పోయేవాళ్లని పిలిచి చూపించడమే ఆ తర్వాత పనిగా పెట్టుకున్నాడు. "సన్యాసి చేసిందా! మరి ముందే చెప్పవేం?" అంది అమ్మ.

మొదటి వారం మేం నేర్చుకున్నదంతా ఓపికే. గురి చూసుకోవడానికి గొట్టం మీద ఉండే ఫైండర్‌ని పట్టపగలే దూరంగా ఉన్న కరెంటు స్తంభం మీద సరిచేసుకోవాలి. ఆ పని చేసేటప్పుడు గొట్టాన్ని సూర్యుడి దరిదాపులకి కూడా తిప్పకూడదు. గొట్టాన్ని అరగంట ముందే బయటపెట్టి అద్దం చల్లారనివ్వాలి. తక్కువ రెట్ల ఐపీస్‌తోనే మొదలుపెట్టాలి. మాకు 25 మిల్లీమీటర్లది 48 రెట్లు ఇస్తుంది, 10ది 120. చీకటికి కన్ను అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఈలోపు ఎవరైనా ఫోన్ తీస్తే మళ్లీ మొదటికే. ఇక్కడ వేసవిలో రాత్రి పదైనా సరిగ్గా చీకటి పడదు, స్కూలు పిల్లలతో కుదిరే పని కాదు. చలికాలమైతే సాయంత్రం ఆరున్నరకే నక్షత్రాలు. మా నాన్న కొనిపంపిన మంకీ క్యాపులు ఇన్నాళ్లకి అక్కరకొచ్చాయి.

ఆగస్టు 27న వినాయక చవితి వచ్చింది. పూజ అయింది, ఉండ్రాళ్లు తిన్నాం. బయట చూస్తే మబ్బు తునక లేదు, పడమట నెలవంక. అమ్మాయి టెలిస్కోప్ బయటికి ఈడుస్తుంటే ఫోన్‌లో అమ్మ కేక పెట్టింది. "చవితి చంద్రుణ్ణి చూస్తావటే! నీలాపనిందలు వస్తాయి."

"నేను చంద్రుణ్ణి చూడట్లేదు అమ్మమ్మా, అద్దంలో చూస్తున్నా."

"కృష్ణుడు చూసింది మాత్రం ఏంటి, పాలల్లోనేగా!"

నాకైతే అక్కడితో నోరు మూతపడేది. అది మాత్రం కాసేపు ఆలోచించి, "మరి శమంతకమణి కథ వినేశాం కదా, అక్షింతలు కూడా వేసుకున్నాం. ఇంక దోషం లేదని నువ్వే చెప్పావు" అంది. అమ్మ ఇటు తిరిగి నన్ను చూసింది. నేను వేరే వైపు చూశాను. "సరే, ఇంకోసారి అక్షింతలు వేసుకుని చూసుకో" అంది చివరికి.

అలా నెత్తిమీద పసుపు బియ్యంతో చూశాం. వెలుగు అంచులో గుండ్రటి పెద్ద గొయ్యి, పెటావియస్ అంటారు. మధ్యలో కొండ. అక్కడినుంచి గోడదాకా గీత గీసినట్టు ఒక పగులు. "గడియారం ముల్లులా ఉంది" అంది అమ్మాయి. తమ్ముడు కూడా చూసి, అడక్కుండానే, "ముల్లు నాకూ కనబడింది" అన్నాడు. ఈసారి అబద్ధం కాదు.

వారం తిరక్కుండా 10 మిల్లీమీటర్ల ఐపీస్ కనబడకుండా పోయింది. అనుమానం బుడ్డోడి మీదే. వాడు ఏడ్చి గోల చేశాడు. వాడి బొమ్మల డబ్బా రెండుసార్లు బోర్లించాం. మూడో రోజు నా కోటు జేబులో దొరికింది. అమ్మకి చెప్పకూడదనుకున్నాను గానీ ఇంట్లో ఇద్దరు విలేకరులున్నారు. అమ్మ ఏమందో రాయక్కర్లేదు.

సెప్టెంబర్‌లో శనిగ్రహం. నెలముందు నుంచీ వలయాలు, వలయాలు అని నేనే ఊరించాను. తీరా చూస్తే చిన్న బంతికి అడ్డంగా సూది గుచ్చినట్టుంది. 2025 మార్చిలోనే వలయాలు మన చూపుకి సరిగ్గా అంచుమీదకి వచ్చాయి. సుమారు పదిహేనేళ్లకోసారి అలా జరుగుతుంది, మేం సరిగ్గా ఆ ఏడాదే టెలిస్కోప్ కొన్నాం. అమ్మాయి నోటుపుస్తకంలో తను చూసిందే గీసింది, బంతీ సూదీ. కింద తారీఖు వేసింది. పుస్తకాల్లో ఉన్న బొమ్మలా వేస్తే బాగుంటుంది కదా అని నేను అనబోయి ఊరుకున్నాను.

డిసెంబర్ సెలవులకి ఊరెళ్లాం. డాబ్సోనియన్ విమానం లగేజీలో పట్టేది కాదు, 10 బై 50 బైనాక్యులర్స్ తీసుకెళ్లాం. మొదటి రాత్రే డాబా మీద అమ్మాయి కెవ్వుమంది: "సాస్‌పాన్ బోర్లా పడింది!" ఆస్ట్రేలియాలో ఓరియన్ అనే వేటగాడి నక్షత్రమండలంలో నడుమునీ కత్తినీ కలిపి సాస్‌పాన్ అంటారు. దానికి పుట్టినప్పటినుంచీ అది నిటారుగానే తెలుసు. మాకు అదెప్పుడూ గిన్నెలా తోచలేదు.

నెలాఖరున ఒకరోజు తెల్లవారుజామున అయిదింటికి లేపాను. ధనుర్మాసం, గుడి మైకులో తిరుప్పావై మొదలైంది. ఉత్తరాన సప్తర్షులు ఏడుగురూ బాగా పైకి వచ్చి ఉన్నారు. దక్షిణాన, కొబ్బరాకుల సందులోంచి, మెల్‌బోర్న్‌లో మా పెరటి మీద ఎప్పుడూ ఉండే సదరన్ క్రాస్, మన త్రిశంకు, నేలకి జానెడు ఎత్తులో. అమ్మాయి ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగి చూస్తూ నిలబడిపోయింది.

కింద అమ్మ వాకిట్లో ముగ్గు వేస్తోంది. "అమ్మమ్మా, నీ పెళ్లిలో అరుంధతి కనబడిందా?" అని పైనుంచి అడిగింది.

"ఎక్కడే! తలొంచుకుని కూర్చున్నా. కనబడిందన్నాను."

"పైకి రా."

ముగ్గు చేతులు చీరకి తుడుచుకుంటూ అమ్మ మెట్లెక్కి వచ్చింది. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషన్ అయింది, కళ్లజోడు తీయాలా ఉంచాలా అని కాసేపు తర్జనభర్జన. అమ్మాయి బైనాక్యులర్స్ పట్టుకుని, భుజాలు పట్టి అమ్మని సరైన దిక్కుకి తిప్పింది. తోకలో మధ్యది, అమ్మమ్మా, కొంచెం పైకి, ఆఁ అక్కడే ఆగు. అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. నేను "కనబడిందా?" అనబోతే అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది.

"పెద్దదాని పక్కన," అంది అమ్మ ఆఖరికి, "బియ్యపు నూకంత. అదేనా?"