ఈమాక్స్‌లో స్లైమ్ అమర్చుకున్నాకే లిస్ప్ అర్థమైంది

కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఒకటే. పుస్తకం తెరిచే ముందు కోడ్ రాసుకునే ఎడిటర్ సంగతి చూసుకోండి. టెర్మినల్లో ఎస్‌బీసీఎల్ (లిస్ప్ కోడ్‌ని నడిపే కంపైలర్) తెరిచి అందులోనే టైపు చేస్తూ కూర్చుంటే ఈ భాషని అంతగా ఎందుకు మెచ్చుకుంటారో తెలియదు.

నాది ఉబుంటు లినక్స్. ఎడిటర్‌గా ఈమాక్స్, దాంతోపాటు ఎస్‌బీసీఎల్, రెండూ అందులోని ఆప్ట్ అనే ఇన్‌స్టాలర్‌తోనే వచ్చేశాయి. లిస్ప్ లైబ్రరీలు తెచ్చిపెట్టే క్విక్‌లిస్ప్ దించుకుని, ఈమాక్స్‌ని లిస్ప్‌తో కలిపే స్లైమ్ కోసం దాంతో స్లైమ్ హెల్పర్ కూడా తెచ్చుకున్నాను. ఈమాక్స్ మొదలయ్యేటప్పుడు చదివే ఇనిట్ ఫైల్లో పెట్టాల్సిన రెండు లైన్లేవో చివర్లో అదే తెరమీద చూపిస్తుంది. అవి అతికించి, ఈమాక్స్ మూసి తెరిచి, ఆల్ట్-ఎక్స్ కొట్టి స్లైమ్ అన్నాను. లిస్ప్ కోడ్ టైపు చేసే ప్రాంప్ట్ వచ్చేసింది.

అసలు మజా ఆ తర్వాతే. ఎస్‌బీసీఎల్‌లో ఫంక్షన్లకి తెలుగు పేర్లు కూడా పెట్టుకోవచ్చు. ఈమాక్స్‌లో కంట్రోల్-బ్యాక్‌స్లాష్ నొక్కి తెలుగు-ఐట్రాన్స్ ఎంచుకుంటే చాలు, తెలుగు టైపు చేయొచ్చు. నూటికి రెండు రూపాయల వడ్డీ లెక్క రాద్దామని ముందు ఇది రాశాను:

(defun మొత్తం (అసలు రేటు నెలలు)
  (+ అసలు (వడ్డీ అసలు రేటు నెలలు)))

కర్సర్ అందులో ఉండగానే కంట్రోల్-సి రెండుసార్లు నొక్కితే ఆ ఒక్క ఫంక్షనే కంపైల్ అవుతుంది. వడ్డీ ఫంక్షన్ ఇంకా రాయలేదని ఒక హెచ్చరిక వచ్చింది, అంతే. కావాలనే అలాగే వదిలేసి, ప్రాంప్ట్ దగ్గర (మొత్తం 10000 2 6) అన్నాను. తప్పు ఎక్కడుందో చూపించే డీబగ్గర్ కిటికీ తెరుచుకుంది. వడ్డీ అనే ఫంక్షన్ లేదంటూ, కింద ఏం చేయమంటావో చెప్పమని వరసగా దారులు చూపించింది. 0 నొక్కితే మళ్లీ ఆ వడ్డీ ఫంక్షన్‌నే పిలిచి చూస్తుంది.

ప్రోగ్రాం చచ్చిపోలేదు, ఎక్కడ ఆగిందో అక్కడే నా కోసం కాచుకుని ఉంది! ఫైల్లోకి వెళ్లి రాశాను:

(defun వడ్డీ (అసలు రేటు నెలలు)
  (/ (* అసలు రేటు నెలలు) 100))

మళ్లీ కంట్రోల్-సి రెండుసార్లు. డీబగ్గర్‌లోకి వచ్చి 0 నొక్కాను. 11200 అని జవాబొచ్చింది, మొదట అడిగిన ప్రశ్నకే, మళ్లీ అడగకుండానే. వేరే భాషల్లో ఇన్నేళ్లు పనిచేసినా ఇలాంటిది చూడలేదు.

ఇది కుదరడానికి కారణం స్లైమ్ రెండు ముక్కలుగా ఉండటం. ఒక ముక్క ఈమాక్స్‌లో ఉంటుంది. స్వాంక్ అనే రెండోది నడుస్తున్న లిస్ప్ లోపలే కూర్చుంటుంది. రెండూ సాకెట్ (ప్రోగ్రాముల మధ్య ఉండే లింకు) మీద మాట్లాడుకుంటాయి.

బ్రాకెట్ల భయం ఉన్నవాళ్లకి ఈమాక్స్‌లో పారెడిట్ అనే మోడ్ ఉంది. తెరిచిన బ్రాకెట్‌ని అదే మూస్తుంది, జతలో ఒకదాన్నే చెరపనివ్వదు. కానీ మొదటిరోజే పెట్టుకోకండి, చేతికి అడ్డంగా అనిపిస్తుంది. ముందు ఆ కంట్రోల్-సి అలవాటు కానివ్వండి.