కిటికీలోంచి వచ్చిన గబ్బిలం

ఆదివారం, హనుమకొండ.

పొద్దున కూరగాయలు తెచ్చాను. మధ్యాహ్నం కరెంటు పోయి కాసేపు ఉక్కపోత. ఇంకేమీ జరగలేదు, మా మేనల్లుడు అడిగిన ప్రశ్న ఒక్కటి తప్ప. సెలవులకని కరీంనగర్ నుంచి వచ్చాడు. నా పాత కామిక్స్ ముందేసుకుని కూర్చున్నవాడు ఉన్నట్టుండి తలెత్తి, "మామా, ఈ బ్యాట్‌మన్ వాళ్ల అమ్మానాన్నను ఎన్నిసార్లు చంపుతరు?" అన్నాడు.

నిజమే. ఏ తరం రచయిత వచ్చినా మళ్లీ వాళ్లు హత్యకు గురైన ఆ చీకటి సందులోకి తీసుకెళ్తాడు. ఎందుకు అని వాడికి చెప్పబోయి, ఆ ధ్యాసలోనే సాయంత్రం దాకా ఉండిపోయాను.

1939 మే నెలలో డిటెక్టివ్ కామిక్స్ 27వ సంచికలో బ్యాట్‌మన్ మొదటిసారి కనిపించినప్పుడు అతనికి గతమే లేదు. అమ్మానాన్నల హత్య నవంబరులో, 33వ సంచికలో, రెండే పేజీల్లో వచ్చింది. చంపినవాడికి పేరు కూడా పెట్టలేదు. జో చిల్ అన్న ఆ పేరు 1948లో వచ్చింది. ఆ కథ నాకు ప్రాణం. బ్యాట్‌మన్ వాడి ఎదుట ముసుగు తీసి, నువ్వు చంపినవాళ్ల కొడుకును నేనే అని నిలబడతాడు. చిల్ హడలిపోయి తోటి దొంగల దగ్గరికి పారిపోతాడు. బ్యాట్‌మన్ పుట్టడానికి కారణం వీడేనా అని ఆ దొంగలే కోపం పట్టలేక వాడిని కాల్చేస్తారు. బ్యాట్‌మన్ అసలు పేరు బయటపెట్టకముందే చిల్ ప్రాణం పోతుంది.

కానీ గతాన్ని తిరగరాయడం అంటే ఏమిటో నాకు అర్థమైంది 1987 నాటి 'ఇయర్ వన్' అనే బ్యాట్‌మన్ కథ చదివాకే. ఫ్రాంక్ మిల్లర్ రాశాడు, డేవిడ్ మజుకెల్లి బొమ్మలు వేశాడు. 1939 కథలో బ్రూస్ వేన్ (బ్యాట్‌మన్ అసలు పేరు అదే) ఏ వేషం వేయాలా అని ఆలోచిస్తూ కూర్చుంటే, తెరిచి ఉన్న కిటికీలోంచి గబ్బిలం లోపలికి వస్తుంది. అంతే, నిర్ణయం అయిపోతుంది. మిల్లర్ ఆ గబ్బిలాన్ని అలాగే ఉంచాడు. మార్చిందల్లా అంతకు ముందు జరిగినదాన్ని. బ్రూస్ మొదటిసారి వీధిలోకి వెళ్లి, చితకబాదించుకుని, రక్తం కారుతూ ఇంటికి చేరతాడు. నాన్న విగ్రహం ముందు కూలబడి, నేను దేనికి బతకాలి అన్నట్టు చూస్తుంటాడు. చేతికందే దూరంలో గంట ఉంది. మోగిస్తే ఇంటి నౌకరు ఆల్‌ఫ్రెడ్ వచ్చి కాపాడతాడు. అప్పుడు కిటికీ అద్దం పగలగొట్టుకుని గబ్బిలం వస్తుంది. 1939లో అది ఒక ఐడియా. ఇక్కడ, చావుకు సిద్ధమైనవాడు గంట మోగించడానికి దొరికిన కారణం. సంఘటన అదే, మనిషి మాత్రం ఎంతో లోతెక్కాడు.

ఎక్స్-మెన్ అనే హీరోల బృందానికి శత్రువైన మాగ్నెటో సంగతి ఇంకా పెద్దది. 1963లో వచ్చినప్పుడు ఉత్త విలన్. 1981లో క్రిస్ క్లేర్‌మాంట్, అన్‌క్యానీ ఎక్స్-మెన్ 150వ సంచికలో, అతను ఆష్‌విట్జ్ అనే నాజీల మరణ శిబిరం నుంచి బతికి బయటపడ్డవాడని చెప్పాడు. అది కూడా ఎక్స్-మెన్‌లోని కిటీ ప్రైడ్ అనే చిన్నపిల్లను దాదాపు చంపేశాక. ఆ పిల్లను చూసి తానేమైపోయాడో తెలుసుకుంటాడు. గతం అతని తప్పుకు సాకు కాలేదు, అద్దం పట్టింది. అందుకే ఆ పేజీలంటే నాకు అంత గౌరవం.

ఎక్స్-మెన్‌లోనే ఇంకో హీరో వుల్వరిన్ విషయంలో మాత్రం నాకు బాధే. 1974లో వచ్చినవాడికి 2001లో 'ఆరిజిన్' పేరుతో పుట్టుపూర్వోత్తరాలన్నీ రాసేశారు. గతం తెలియకపోవడమే అతని బాధ. దాన్ని తీర్చేశాక మిగిలింది తక్కువ. ఇది నా అభిప్రాయం, మా స్నేహితులు ఒప్పుకోరు.

మన భారతంలో ఉద్యోగపర్వం చూడండి. యుద్ధానికి ముందు కృష్ణుడు కర్ణుడికి జన్మరహస్యం చెబుతాడు. గతం మొత్తం మారిపోయింది, పక్షం మారలేదు. కర్ణుడు ఎంతవాడో ఆ ఒక్క చోట తెలిసినంతగా ఏ యుద్ధంలోనూ తెలియదు.

సాయంత్రం మేనల్లుడు తాతను, అంటే మా బాపును, పట్టుకున్నాడు. "తాతా, నీ చిన్నప్పటి కథ చెప్పు" అని. బాపు కథ మాకందరికీ తెలుసు: తండ్రి పోయాడు, పదో తరగతి మధ్యలో ఆపి ఆజంజాహి మిల్లులో చేరాడు. ఎప్పుడు చెప్పినా రెండే మాటలు. ఇవాళ మనవడు వదలకపోయేసరికి ఇంకొంచెం చెప్పాడు. మిల్లులో చేరాక కూడా చాలా రోజులు బడి పుస్తకాలు సద్ది సంచిలోనే పెట్టుకుని పోయేవాడట. నైట్ షిఫ్టులో తీరిక దొరికితే తీసి చదివేవాడట. చివరికి తోటి కార్మికుడి బిడ్డ పదో తరగతికి వస్తే ఆ పిల్లకు ఇచ్చేశాడట, కొత్త అట్టలు వేసి మరీ.

ప్రతి జూన్‌లో నా పుస్తకాలకు బాపే అట్టలు వేసేవాడు. నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. నీట్‌గా ఉండాలనే అలా చేస్తాడని అనుకునేవాళ్లం.

ఆ పిల్ల పాసయిందా అని మేనల్లుడు అడిగాడు. "పాసయింది, టీచరమ్మ అయింది" అన్నాడు బాపు, గట్టిగా నవ్వుతూ. ఆమె ఇప్పుడు ఎక్కడుందో రేపు కనుక్కోవాలి. బాపును తీసుకెళ్లి కలిపిస్తాను.