ఎంటర్‌ప్రైజ్ బ్రిడ్జి మోడల్: 36 డిగ్రీల తగాదా, పది ముక్కల గోడ

స్టార్ ట్రెక్ టీవీ కథల మొదటి సిరీస్‌లోని అంతరిక్ష ఓడ ఎంటర్‌ప్రైజ్ బ్రిడ్జిని, అంటే ఓడని నడిపే గదిని, 1:32 స్కేలులో కడుతున్న పని ఇక్కడిదాకా వచ్చింది. నేల పలక, పది గోడ ముక్కలు, లిఫ్ట్ ద్వారం అయ్యాయి. మూడు స్టేషన్లలో, అంటే సిబ్బంది పనిచేసే బల్లల దగ్గర, లైట్లు వెలుగుతున్నాయి. పెయింటు మాత్రం వానలు తగ్గేదాకా ఆపాం.

ముందు అభిమానుల మధ్య నడిచే 36 డిగ్రీల తగాదా సంగతి. కెప్టెన్ కుర్చీ ఎదురుగా ఉన్న పెద్ద తెరవైపు సూటిగా ఉంటుంది. లిఫ్ట్ తలుపేమో సరిగ్గా వెనక కాకుండా ఆయన ఎడమ భుజం వైపుకి జరిగి ఉంటుంది. బయట చూస్తే, బ్రిడ్జి గోపురం వెనకనున్న ఉబ్బు ఓడ నడిమి గీత మీదే ఉంది. ఆ ఉబ్బు లిఫ్ట్ గొట్టమే అనుకుంటే లోపలికీ బయటికీ పొంతన కుదరదు. 1975లో వచ్చిన ఓడ ప్లాన్లలో, వాటిని గీసిన ఫ్రాంజ్ జోసెఫ్ బ్రిడ్జినే 36 డిగ్రీలు ఎడమకి తిప్పేశాడు. లెక్క సరిపోయింది. కానీ ఓడ ఒకవైపు పోతుంటే చుక్కాని దగ్గర కూర్చున్నవాడి ముఖం ఇంకోవైపు ఉంటుంది. రోజూ హార్బరులోకి వచ్చిపోయే ఓడల్ని చూసే విశాఖ వాళ్ళకి ఇది మింగుడుపడదు.

ఈ మోడల్ ఇంకో వాదన మీద కడుతున్నాం. ఆ ఓడలో లిఫ్టు పైకీ కిందికే కాదు, అడ్డంగానూ నడుస్తుంది. కాబట్టి ఉబ్బులో పైకొచ్చిన లిఫ్టు గోడ వెనకే 36 డిగ్రీలు పక్కకి జరిగి తలుపు దగ్గర ఆగవచ్చు. బ్రిడ్జిని తిప్పక్కర్లేదు. లిఫ్టు వెడల్పు 2 మీటర్లు అనుకుంటే మన స్కేలులో 62.5 మిల్లీమీటర్లు. గోడ వెనక 66 వదిలాం, అదీ ఆ ఒక్క మలుపులోనే.

ఓడ పుట్టుక గురించిన వాదన కూడా ఇక్కడే పనికొస్తుంది. బ్రిడ్జిలోని ఫలకం మీద శాన్ ఫ్రాన్సిస్కో అని ఉంటుంది. భాగాల్ని అక్కడి నేవీ యార్డులో నేల మీద చేసి, అంతరిక్షంలో కలిపారని సిరీస్ నడుస్తున్న రోజుల్లోనే, 1968 నాటి పుస్తకంలో రాశారు. విశాఖలో సింధియా దగ్గరి షిప్‌యార్డు పని తెలిసినవాళ్ళకి ఇది వింతేమీ కాదు. బ్లాకులు విడిగా వెల్డు చేసి, క్రేనుతో ఎత్తి కలపడమే కదా. అలా చూస్తే బ్రిడ్జి కూడా పైనుంచి దించి బిగించిన ఒక బ్లాకు. అందుకే గోడ ముక్కల మధ్య అతుకుల్ని పుట్టీతో పూడ్చలేదు. అర మిల్లీమీటరు గీతలా కనబడనిచ్చాం.

గోడ కొలతలివి. తెర ఒకటి, లిఫ్ట్ ఒకటి, స్టేషన్లు ఎనిమిది, మొత్తం పది ముక్కలు, ఒక్కోటి 36 డిగ్రీలు. మూలల దగ్గర వ్యాసం 400 మి.మీ. పెట్టుకుంటే ఒక్కో ముక్క బయటి వెడల్పు 123.6. గోడ 5 మి.మీ. సన్‌బోర్డు (తేలికైన ప్లాస్టిక్ ఫోమ్ పలక) కాబట్టి లోపలి వెడల్పు 120.4కి తగ్గుతుంది. రెండు అంచుల్నీ 18 డిగ్రీల వాలుగా చెక్కాలి. చెక్కకుండా అతికిస్తే లోపలి మూలలు ఒకదాన్నొకటి తోసుకుని గోడ గుండ్రంగా మూసుకోదు. సన్‌బోర్డుకి కొత్త షీటు కొననక్కర్లేదు, ఫ్లెక్స్ బోర్డులు చేసే షాపుల్లో మిగులు ముక్కలు చాలు.

మొదటి గోడ పాడైంది కూడా ఈ కోణాల దగ్గరే. ఒక్కో ముక్కలో అర డిగ్రీ తేడా వచ్చింది, పది ముక్కలకి 5 డిగ్రీలైంది, చివర్లో 17 మి.మీ. సందు మిగిలింది. ముక్కని ముక్కకి అతికించుకుంటూ పోతే ఇంతే. ప్లైవుడ్ పలక మీద వృత్తం గీసి, పది గుర్తులు పెట్టి, ప్రతి ముక్కనీ గుర్తుకే అతికించాలి. పదో ముక్కని ముందే కోయకూడదు. మిగిలిన సందు కొలిచి కోయాలి.

లైట్లకి 12 వోల్టుల అడాప్టరు. తెల్ల ఎల్ఈడీలు మూడు వరసగా కలిపి 180 ఓముల రెసిస్టరు, ఎర్రవి ఐదు వరసగా కలిపి 150 ఓములు. అన్నిటినీ పక్కపక్కన కలిపి ఒక్క రెసిస్టరు పెడితే తక్కువ వోల్టేజీది కరెంటంతా లాగేసుకుంటుంది, మిగతావి మసకబారతాయి. లైట్లని మిణుకుమనిపించే చిన్న కంట్రోలర్ బోర్డు ఆర్డుయినో నానో పిన్నుకి ఎల్ఈడీ వరస నేరుగా తగిలించవద్దు. మధ్యలో బీసీ547 ట్రాన్సిస్టరు, బేస్‌కి 1 కిలో ఓము పెట్టాలి. మూడు స్టేషన్లకీ 0.7, 1.1, 1.9 సెకన్ల చొప్పున వేరువేరు వేగాలు ఇచ్చాం. అన్నీ ఒకేసారి మిణుకుమంటే పెళ్ళిపందిరి సీరియల్ సెట్టులా ఉంటుంది. తెల్ల సన్‌బోర్డులోంచి వెలుతురు బయటికి కారుతుంది కాబట్టి లోపలివైపు ముందు నల్లరంగు తప్పనిసరి.

బటన్లు ఎపాక్సీ చుక్కలే. ఓహెచ్‌పీ షీటు (పారదర్శక ప్లాస్టిక్ షీటు) మీద పళ్ళపుల్ల మొనతో 2 మి.మీ. చుక్క పెడితే అంచు దానంతటదే గుండ్రమై, పైన చిన్న కటకంలా మెరుస్తుంది. రంగు మరీ ఎక్కువ కలిపితే రెండు రోజులైనా వేలికి అంటుతుంది. తెర ముందు పారదర్శక షీటుకి సూపర్ గ్లూ వాడవద్దు. దాని ఆవిరి షీటు మీద తెల్ల మసకగా పేరుకుంటుంది. మన తేమ గాలిలో ఇది ఇంకా ఎక్కువ. అక్కడ తెల్ల ఫెవికాలే మేలు, కాకపోతే రాత్రంతా ఆరనివ్వాలి. స్ప్రే లాకర్‌దీ ఇలాంటి బాధే: గాలిలో తేమ ఎక్కువైతే పొర పాలిపోయి తెల్లబడుతుంది. పెయింటు ఆపింది అందుకే.

రంగుల సెట్లు రెండు చేస్తున్నాం. సిరీస్‌కి ముందు నమూనాగా తీసిన తొలి పైలట్ ఎపిసోడ్‌లో బ్రిడ్జి బూడిదరంగు, స్టేషన్ల దగ్గర వంగే మెడ ఉన్న చిన్న తెరలు. సిరీస్ వచ్చేసరికి లిఫ్ట్ తలుపులు, రెయిలింగు ఎర్రబడ్డాయి. మధ్యలో ఓడకి మరమ్మతు జరిగిందనేది అభిమానుల మాట. బ్లాకు వాదనకీ అది బాగానే కుదురుతుంది. ప్యానెళ్ళు మార్చుకోడానికి 5×2 మి.మీ. నియోడిమియం అయస్కాంతాలు పెట్టాం. పైపూత చిట్లితే ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడతాయి కాబట్టి, బిగించేముందు రెండు పూతలు నెయిల్ పాలిష్ వేయాలి.

తర్వాత లిఫ్ట్ పట్టా, అంటే లిఫ్టు జరిగే దారి, పని. బయటి గోడకి 2 మి.మీ. ఇత్తడి రాడ్డు వంచి, 36 డిగ్రీల మలుపులో లిఫ్టు ఎక్కడా గీసుకోకుండా జరుగుతుందో లేదో చూడాలి. గీసుకుంటే 66ని 70 చేస్తాం.