ఒహాయో ఆక్స్‌ఫర్డ్‌లో అన్నదమ్ముల ఇల్లు

సిన్సినాటి నుంచి 27వ నంబరు రోడ్డు పట్టుకుని వాయవ్యంగా ఓ గంట పోతే ఆక్స్‌ఫర్డ్ వస్తుంది. ఇంగ్లండుది కాదు, ఒహాయోది. అక్కడున్నది మయామీ యూనివర్సిటీ. ఫ్లోరిడా మయామీకీ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. ఒకప్పుడు ఈ నేల మీద బతికిన మయామీ తెగ పేరు పెట్టుకున్నారు. 1809లో యూనివర్సిటీ పుట్టేనాటికి ఫ్లోరిడా అసలు అమెరికాలోనే లేదని ఇక్కడివాళ్ళు అడక్కపోయినా చెబుతారు.

నన్ను తీసుకెళ్ళింది మా ఆఫీసులో ఒక పెద్దాయన. ఎనభైల్లో ఇక్కడ చదివాడు, ఒక ఫ్రాటర్నిటీలో, అంటే కాలేజీ అబ్బాయిల సంఘంలో, సభ్యుడు. అదేదో రాయొద్దన్నాడు కాబట్టి రాయను. పాత విద్యార్థులు ఊరికి తిరిగొచ్చే హోమ్‌కమింగ్ వారాంతానికి ఏటా వస్తాడట. ఈసారి “నువ్వూ రా, మావాళ్ళని చూద్దువు గాని” అన్నాడు.

ఇటుకలు పరిచిన హై స్ట్రీట్‌లో కారు ఆపి కాంపస్‌లోకి నడిచాం. ఫ్రాటర్నిటీలకు ఈ ఊరు పుట్టిల్లు లాంటిది. పేర్లన్నీ గ్రీకు అక్షరాలే: 1839లో బీటా తీటా పై, 1848లో ఫై డెల్టా తీటా, 1855లో సిగ్మా కై. ఈ మూడింటినీ కలిపి మయామీ ట్రయడ్ అంటారు. మూడూ ఇక్కడ మొదలై దేశమంతా శాఖలు వేశాయి. శాఖను చాప్టర్ అంటారు.

ఎలియట్ హాల్ అనే పాత హాస్టల్ ముందు నిలబెట్టి మా పెద్దాయన మంచు తిరుగుబాటు కథ చెప్పాడు. 1848 జనవరిలో కుర్రాళ్ళు మంచును పెద్ద పెద్ద ఉండలుగా దొర్లించుకొచ్చి కాలేజీ ప్రధాన భవనం తలుపులకు అడ్డంగా కుక్కేశారు. కాలేజీ అధ్యక్షుడికి ఒళ్ళు మండింది. బహిష్కరణలయ్యాయి, అప్పటికున్న ఫ్రాటర్నిటీలు దాదాపు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీలోనే అదే ఏడు డిసెంబరు 26న, సెలవుల్లో ఇంటికి వెళ్ళకుండా ఈ హాస్టల్లో ఉండిపోయిన ఆరుగురు ఫై డెల్టా తీటా పెట్టారు. తర్వాత అమెరికా అధ్యక్షుడైన బెంజమిన్ హారిసన్ విద్యార్థిగా అందులో చేరినవాడే.

సిగ్మా కై కథ నాకు ఇంకా నచ్చింది. డెల్టా కప్పా ఎప్సిలాన్ అనే మరో ఫ్రాటర్నిటీలో గొడవ. సాహిత్య సంఘంలో కవి పదవికి మనవాడినే నిలబెట్టాలని సగం మంది, వాడికంటే బాగా రాసేవాడు బయట ఉన్నాడు కదా అని ఆరుగురు. రాజీ కోసమని 1855 ఫిబ్రవరిలో విందు పెడితే, వైట్‌లా రీడ్ అనే విద్యార్థి ఒక పూర్వ విద్యార్థిని వెంటబెట్టుకొచ్చి ఆయనచేత ఆ ఆరుగురికీ బుద్ధి చెప్పించబోయాడు. రంకల్ అనే కుర్రాడు తన బ్యాడ్జి పీకి బల్ల మీద పారేసి లేచిపోయాడు. ఆ ఆరుగురూ ఇంకొకరిని కలుపుకుని జూన్‌లో సొంతంగా పెట్టుకున్నదే సిగ్మా కై. పాత విద్యార్థులు తలదూర్చితే ఏమవుతుందో అప్పుడే తేలిపోయిందన్నమాట! ఆ రీడ్ 1892లో హారిసన్ పక్కన ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసి ఓడిపోయాడు.

మధ్యాహ్నం మా పెద్దాయన ఫ్రాటర్నిటీ ఇంటికి, అంటే సభ్యులు కలిసి ఉండే ఇంటికి, వెళ్ళాం. లోపల నడవా పొడుగునా పెద్ద పెద్ద ఫ్రేములు. ఏటా సభ్యులందరి ముఖాలూ గుడ్డు ఆకారంలో కత్తిరించి వరసగా అతికించిన ఫొటోలు. కాంపోజిట్ అంటారు. మా పెద్దాయన తన ఏడాది ఫ్రేము దగ్గర ఆగి, నిండు జుట్టుతో ఉన్న తనని నాకు చూపించాడు. అక్కడే నిలబడ్డ ఇరవై ఏళ్ళ కుర్రాడొకడు ఆయన చేయి పట్టుకుని ఊపి, “బ్రదర్, ఆ ఏడాది పై గది ఎవరిది?” అని అడిగాడు. ఆ గది ఇప్పుడు వాడిదట. ఇద్దరూ కిటికీ సరిగా మూతపడకపోవడం గురించి పావుగంట మాట్లాడుకున్నారు.

నాకు బుర్రలో ఏదో తట్టింది. మనకు కాలేజీ అనుబంధం అంటే బ్యాచ్. మా వాట్సాప్ గ్రూపులో అందరిదీ ఒకే ఏడాది. మాకు రెండేళ్ళ జూనియర్ ఎవరో నాకు తెలీదు, తెలియాల్సిన అవసరమూ రాలేదు. వీళ్ళది నిలువు బంధం, తాత వయసువాడూ మనవడి వయసువాడూ ఒకరికొకరు బ్రదర్. దానికి కారణం రహస్య ప్రమాణాలూ గ్రీకు అక్షరాలూ అనుకున్నాను గానీ, అసలు సంగతి ఇల్లు. చాలాచోట్ల ఫ్రాటర్నిటీ ఇల్లు కాలేజీది కాదు, పాత సభ్యులు నడిపే హౌస్ కార్పొరేషన్‌ది. కుర్రాళ్ళు అద్దె కడతారు, పెద్దవాళ్ళు చందాలు వేసి కప్పు బాగు చేయిస్తారు. నేనుండిన హాస్టలుకు మొన్నామధ్య వెళ్తే ఎవరు కావాలని గేటు దగ్గరే ఆపేశారు. ఈయన నేరుగా వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచాడు.

ఈ సిద్ధాంతం సాయంత్రం దాకా నిలవలేదు. ఇక్కడ సొరోరిటీలకు, అంటే అమ్మాయిల సంఘాలకు, ఇళ్ళే లేవు. హాస్టల్ భవనాల్లో తలా ఒక వరండా. డెల్టా జీటా 1902లో ఇక్కడే పుట్టింది. హై స్ట్రీట్‌లో నెరిసిన జుట్టు ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా ఒకే రంగు స్వెటర్లు వేసుకుని నవ్వుకుంటూ పోతుంటే, ఇల్లు లేకపోయినా నడుస్తుందని ఒప్పుకోక తప్పలేదు.

అంతా తీపేనని చెప్పను. హేజింగ్ అంటే మన ర్యాగింగే, ఇంకా చెడ్డది. కొత్తగా చేరేవాడిచేత బలవంతాన తాగించి ప్రాణాలు తీసిన సంఘటనలు ఈ రాష్ట్రంలోనే ఉన్నాయి. బలవంతంగా తాగించి హాని చేస్తే తీవ్ర నేరమని ఒహాయో 2021లో చట్టం తెచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం 1997లోనే వచ్చింది. పెద్దాయన్ని అడిగితే, “మా రోజుల్లో అంత లేదు” అన్నాడు. అన్ని దేశాల్లోనూ సీనియర్లు చెప్పే మాటే ఇది. నేను నమ్మలేదు.

బయల్దేరబోతుంటే ఈ మధ్య ఏళ్ళ ఫ్రేములో ఒక తెలుగు ఇంటిపేరు కనిపించింది. అడిగితే ఆ అబ్బాయినే పిలుచుకొచ్చారు. సిన్సినాటి దగ్గరి మేసన్‌లో పెరిగాడట.

“నమస్తే అంకుల్. మీ కాలేజీలో మీది ఏ చాప్టర్?”

“మాకు చాప్టర్లు లేవు నాన్నా, హాస్టల్ బ్లాకులే. మీ ఇంట్లో ఏమన్నారు, ఇందులో చేరతానంటే?”

“అమ్మ రెండు వారాలు మాట్లాడలేదు. తర్వాత వచ్చి వంటగది చూసి, ఇంకో వారం మాట్లాడలేదు.”

మాటల్లోనే నేనేం చేస్తానో కనుక్కుని, వేసవికి మా కంపెనీలో ఇంటర్న్‌షిప్ ఉందా అన్నాడు. నేను మీ బ్రదర్‌ని కాదు కదయ్యా, ఆయన్ని అడుగు అన్నాను.

“ఆయన్ని పొద్దునే అడిగేశాను అంకుల్. మీరు తెలుగువాళ్ళు కదా అని మిమ్మల్ని కూడా.”

తిరుగు దారిలో మేం మిల్‌విల్ అనే ఊరు దాటకముందే రెజ్యూమె వచ్చేసింది, మా ఇద్దరి ఫోన్లకూ.