ఎన్‌ఐసీయూలో (నవజాత శిశువుల ఐసీయూలో) వణికే పసిబిడ్డ: అమెరికాకు కొత్తగా వచ్చిన మన నర్సులకు

వెంటిలేటర్లు, డోసు లెక్కలు మన నర్సులకు కొత్త కావు. నెలలు నిండి, మంచి బరువుతో పుట్టి, రెండో రోజు నుంచి గుక్కపట్టి ఏడ్చే బిడ్డ మాత్రం అమెరికా వచ్చాకే చాలామందికి ఎదురవుతుంది. గర్భంలో ఓపియాయిడ్లకు (హెరాయిన్, మార్ఫిన్, మెథడోన్ లాంటివాటికి) అలవాటుపడి, పుట్టగానే అవి అందక పడే బాధ అది.

లోపలి సంగతి తెలిస్తే పని తేలికవుతుంది. మందు మాయ దాటి మెదడులో ఓపియాయిడ్లు అతుక్కునే మ్యూ రిసెప్టర్లను పట్టుకుని, కణాల్లో సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనాన్ని తయారుచేసే ఎంజైమును అణచిపెడుతుంది. దాన్ని తట్టుకోవడానికి కణం ఆ ఎంజైమును పెంచుకుంటుంది. బొడ్డుతాడు కోశాక మందు ఆగుతుంది, పెరిగిన ఎంజైము ఆగదు. దాంతో మెదడు కాండంలోని లోకస్ సెరూలియస్ నుంచి నారడ్రినలిన్ అనే ఉత్తేజ రసాయనం పొంగుతుంది. వణుకు, జ్వరం దానివే. మార్ఫిన్‌కు తోడుగా క్లోనిడిన్ ఇచ్చేది ఆ పొంగును దించడానికే. డోపమిన్, సెరటోనిన్ తగ్గడంతో చిరాకు, నిద్రలేమి.

హెరాయిన్ అయితే సాధారణంగా 24 గంటల్లోపే బయటపడుతుంది. మెథడోన్‌కు 48 నుంచి 72 గంటలు పట్టొచ్చు, కాబట్టి మొదటి రోజు ప్రశాంతతను నమ్మకండి. తల్లి ఓపియాయిడ్ల మీద ఉందని తెలిస్తే బిడ్డకు నాలోక్సోన్ (ఓపియాయిడ్లకు విరుగుడు మందు) వద్దు, మూర్ఛలు రావచ్చు.

లక్షణాల తీవ్రతను లెక్కగట్టే ఫినెగన్ స్కోరు 3, 4 గంటలకోసారి వేస్తారు. వరుసగా మూడుసార్లు 8 గానీ, రెండుసార్లు 12 గానీ, లేదా అంతకుమించి గానీ వస్తే మందు మొదలుపెట్టడం పాత పద్ధతి. ఆకలితో ఏడుస్తున్నప్పుడు వేస్తే స్కోరు ఊరికే పెరిగి, అక్కర్లేని మార్ఫిన్ పడుతుంది. పాలు పట్టాకే వేయండి. షుగర్ పడిపోయినా, ఇన్ఫెక్షన్ ఉన్నా వణుకు వస్తుంది, అవీ చూడాలి.

ఇప్పుడు చాలాచోట్ల చూసేది మూడే: పాలు సరిగా తాగుతోందా, గంటసేపు నిద్రపోతోందా, 10 నిమిషాల్లో ఊరుకుంటోందా. 26 అమెరికన్ ఆసుపత్రుల్లో జరిగి 2023లో వెలువడిన ట్రయల్‌లో, ఈ పద్ధతితో బిడ్డలు ఇంటికి వెళ్లే స్థితికి రావడానికి సగటున 8.2 రోజులు పట్టింది, మామూలు పద్ధతిలో 14.9. దీపాలు తగ్గించడం, గుడ్డలో చుట్టడం, ఛాతీకి హత్తుకోవడం ఇక్కడ అసలు చికిత్సే. షిఫ్టు హడావుడిలో ముందు తెగిపోయేవీ అవే.

తల్లి సంగతి. ఓపియాయిడ్ వ్యసనానికి చికిత్సగా డాక్టరు పర్యవేక్షణలో మెథడోన్ వాడే తల్లి చికిత్సలో ఉన్నట్టే. ఆమె నిలకడగా ఉండి, వేరే అడ్డంకులు లేకపోతే పాలివ్వమని ప్రోత్సహించాలి. బిడ్డ బాధ తగ్గుతుంది. మనలో మనం తెలుగులో గొణుక్కున్నా మన మొహం ఆమెకు అర్థమవుతుంది. నొచ్చుకుని ఆమె రాకపోతే, బిడ్డను ఎత్తుకునే చేతులు ఆ పూట రెండు తగ్గుతాయి.