మాస్కు వెనక మాట

మా ఆయనకి వినికిడి తక్కువ. కరోనా కాలంలో మీ ఇద్దరికీ రోజులెలా గడిచాయని ఎవరైనా అడిగితే నేను మొదలుపెట్టేది ఇక్కడినుంచే. జబ్బు భయం అందరిలాగే మాకూ ఉంది. పిల్లలు దగ్గర లేకపోవడం, గడప దాటకపోవడం, పొద్దుపోకపోవడం, ఇవన్నీ రిటైరైన వాళ్లెవరిని కదిపినా చెప్పేవే. చెవి సరిగా వినబడని మనిషి చుట్టూ ఉన్న ముఖాలన్నీ ఒక్కసారిగా సగం మూసుకుపోతే ఆ మనిషికి ఏమవుతుందో మాత్రం నాకు ఎక్కడా పెద్దగా కనబడలేదు. అందుకే రాస్తున్నాను.

ఆయన ప్రెస్సులో ప్రూఫ్ రీడరుగా చేశారు. బల్ల ఒకవైపు, అచ్చు యంత్రాలు ఇంకోవైపు, మధ్యలో పల్చటి చెక్క గోడ. ఆ హోరులోనే ఉద్యోగమంతా గడిచింది. రిటైరయ్యేనాటికే టీవీ గొంతు పెంచడం మొదలైంది. నేను స్కూల్లో సైన్సు చెప్పేదాన్ని కాబట్టి నాకు ముందుగా అనుమానం వచ్చింది. పరీక్ష చేయించి, చెవి వెనక పెట్టుకునే మిషన్లు రెండు తీసుకున్నాం.

ఈ రకం చెవుడు గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. గొంతు వినబడుతుంది, మాట అందదు. ముందుగా పోయేవి సన్నటి, పై స్థాయి శబ్దాలు. స, శ, ఫ లాంటివి ఊపిరితో పలికే అక్షరాలు కదా, అవి జారిపోతాయి. అచ్చులు నిలబడతాయి, హల్లులు పోతాయి. అందుకే గట్టిగా అరిచినా లాభం ఉండదు. అరిస్తే పెరిగేది అచ్చులే. ఆ పోయిన హల్లుల్ని ఆయన మన పెదవుల మీదనుంచి ఏరుకుంటారు. తాను పెదవులు చదువుతున్నానని ఆయనకి కూడా తెలియదు, 2020 దాకా.

ఆ ఏడాది మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనాని మహమ్మారి అంది. జూన్ 5న మాస్కుల గురించి కొత్త సూచనలిచ్చింది. వైరస్ ఊళ్లలో తిరుగుతున్న చోట 60 దాటినవాళ్లు, వేరే జబ్బులున్నవాళ్లు గుడ్డ మాస్కు కాకుండా మెడికల్ మాస్కు పెట్టుకోవాలని. మేమిద్దరం రెండు లెక్కల్లోకీ వస్తాం, నాకు బీపీ, ఆయనకి షుగరు. మాస్కు పెట్టుకోవడం గురించి మా ఇంట్లో రెండో మాట లేదు. అది కావలసిందే. కానీ అది ఆయన దగ్గర రెండు తీసుకుంది. పెదవుల్ని దాచేసింది, పైగా అసలే అందని ఆ సన్నటి శబ్దాల్నే ఇంకా తగ్గించేసింది. దానికి తోడు ఆరడుగుల దూరం.

బయట ఆయనతో ఎవరైనా మాట్లాడితే ఆయన తల ఊపేసేవారు. అర్థమైనా, కాకపోయినా. ఆ తల ఊపు నాకు బాగా తెలుసు. ఇంటికొచ్చాక "ఏమన్నాడాయన?" అని నన్నడిగేవారు. కొన్నాళ్లకి ఆయన వైపు చూడటమే మానేసి అందరూ నాతోనే మాట్లాడటం మొదలుపెట్టారు. "సార్‌కి ఏమైనా మందులు వాడుతున్నారా అమ్మా?" సార్ పక్కనే నిలబడి ఉన్నారు. నేను జవాబు చెప్పేసేదాన్ని, తొందరగా అయిపోతుందని. ఒకరోజు ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ ఆయన, "నేనూ వచ్చానుగా, నన్నడిగితే బాగుండేది" అన్నారు. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

ఆ మాట తర్వాత మా రోజులు మారాయి. ఇంటిపనిలో, ఫోన్లలో, డాక్టరు దగ్గర, అన్నిచోట్లా మేం చూసుకున్నది ఒక్కటే, ఆయన మాట ఆయనే చెప్పాలి.

ముందు చెవి మిషన్ల సంగతి. చెవి వెనక ఇప్పటికే మిషను ఉంది, కళ్లద్దాల కాడ ఉంది. ఇప్పుడు వాటి మీదికి మాస్కు దారం. మాస్కు తీసినప్పుడల్లా దారం మిషన్ను పట్టుకుని లాగేది. ఒకసారి అది ఊడి మెట్ల మీద పడింది, వెతకడానికి ఇద్దరం వంగున్నాం. ఆ సాయంత్రమే పాత చొక్కా అంచు నుంచి జానెడు పట్టీ కత్తిరించి, రెండు కొసలకీ రెండు పెద్ద గుండీలు కుట్టాను. పట్టీ తల వెనక ఉంటుంది, మాస్కు దారాలు చెవులకి కాకుండా గుండీలకి తగిలిస్తాం. చెవి మీద ఏ బరువూ ఉండదు. అలాంటివి ఇంకొన్ని కుట్టి, ఆయన స్నేహితుల్లో మిషన్లున్నవాళ్లకి పంపించాను. పెదవులు కనబడేలా ప్లాస్టిక్ కిటికీ ఉన్న మాస్కు కూడా ప్రయత్నించాం. పెదవులు కనబడ్డాయి కానీ, ఆ ప్లాస్టిక్ వెనక గొంతు మామూలు మాస్కు కంటే మందంగా వచ్చింది, కాసేపటికి ఆవిరి పట్టింది.

రోజంతా ఇద్దరమే అన్నది కూడా అలవాటు చేసుకోవలసిన సంగతే. అంతకు ముందు ఆయన సాయంత్రాలు స్నేహితులతో గడిపేవారు, నేను పక్కింటి పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. అవి రెండూ ఆగిపోయాయి. పొద్దున కాసేపు ముందుగదిలో ఆయన, వెనకగదిలో నేను, ఎవరి పుస్తకం వాళ్లది. ఆ సమయంలో ఒకరినొకరు పిలవం. ఆ తర్వాత కుర్చీ వ్యాయామం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, మెల్లగా కూర్చోవడం, మళ్లీ లేవడం. కదలకుండా కూర్చుంటే పెద్దవయసులో కండ చాలా త్వరగా కరిగిపోతుంది, మళ్లీ రావడం కష్టం. తొడల్లో బలం పోతే మంచం దిగడానికి కూడా ఇంకొకరు కావాలి. ఇది నేను ఆయనకి బోర్డు మీద పాఠంలా చెప్పాను, ఆయన శ్రద్ధగా విన్నారు, నేను మానేసిన రోజుల్లో కూడా ఆయన మానలేదు.

స్నేహితుల సాయంత్రం ఫోన్‌లో వీడియోగా మారింది. మొదట్లో ఆయన కాసేపు కూర్చుని లేచి వచ్చేసేవారు. నలుగురు ఒక్కసారి మాట్లాడతారు, ఒకాయన వెనక కిటికీ పెట్టుకుని కూర్చుంటాడు, ముఖమంతా చీకటి. వెలుగు ముఖం మీద పడకపోతే పెదవులు ఎలా కనబడతాయి? నేను చెప్పేయబోయాను. ఆయన ఆగమని చెయ్యి చూపించి, తనే చెప్పారు. "నాకు వినబడటం లేదురా. ఒక్కొక్కరు మాట్లాడండి. నువ్వు కిటికీకి ఎదురుగా తిరిగి కూర్చో." అంతే. ఆ గుంపులో ఇంకో ఇద్దరు అప్పుడు నోరు విప్పారు, తమకీ సరిగా వినబడటం లేదని. నేను ఆశ్చర్యపోలేదు. 2021 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వినికిడి మీద ఇచ్చిన పెద్ద నివేదిక ప్రకారం 60 దాటినవాళ్లలో నలుగురిలో ఒకరికంటే ఎక్కువమందికి రోజువారీ జీవితానికి అడ్డొచ్చేంత వినికిడి లోపం ఉంది. ఇంతమంది తల ఊపుతూ బతుకుతున్నారన్నమాట.

డాక్టరుతో ఫోన్‌లో మాట్లాడటం ఇంకా కష్టం. స్పీకరు పెట్టి మధ్యలో ఫోను ఉంచేవాళ్లం. డాక్టరు అడిగిన ప్రశ్నని నేను మాస్కు లేని నా నోటితో, ఆయనకెదురుగా కూర్చుని, మామూలు గొంతుతో, కాస్త నెమ్మదిగా మళ్లీ అనేదాన్ని. జవాబు ఆయనే చెప్పేవారు. దీనికి టైము పడుతుంది, డాక్టరు ముందు కాస్త విసుక్కున్నారు. అయినా మేం మార్చుకోలేదు. తర్వాత డాక్టరే అలవాటుపడ్డారు, పడటమే కాదు, ప్రశ్న అడిగి ఆగేవారు. షుగరు ఉన్న మనిషికి పాదాల్లో తిమ్మిరి ఎలా ఉందో పక్కనున్న భార్య ఎలా చెప్పగలదు? నేను అంతకుముందు చెప్పిన జవాబుల్లో "బాగానే ఉన్నారండీ" అన్నవి ఎన్నో. ఆయన చెప్పిన మొదటి జవాబులోనే రాత్రిళ్లు మడమ దగ్గర మంట అని వచ్చింది. నాకది తెలియదు. మందు మారింది.

2020 డిసెంబరు 8న బ్రిటన్‌లో 90 ఏళ్ల మార్గరెట్ కీనన్‌కి ట్రయల్స్ బయట మొదటి ఫైజర్ టీకా వేయడం టీవీలో చూశాం. "మనకంటే పెద్దావిడ" అన్నారు ఆయన, చాలాసేపు ఆ తెర వైపే చూశారు. మా వంతు వచ్చినప్పుడు మాకు జ్వరం కంటే ఎక్కువ దిగులు పెట్టింది పేరు పిలవడం. మాస్కు వెనకనుంచి, దూరంనుంచి, గోలలో ఎవరో పిలుస్తారు. ఆయనకి వినబడదు. అందుకని ముందురోజు రాత్రి ఆయన ఒక అట్టముక్క తీసుకుని తన ప్రెస్సు అక్షరాలతో, నిండుగా రాసుకున్నారు. "నాకు వినికిడి తక్కువ. మాస్కు ఉంటే మాట అర్థం కాదు. దయచేసి రాసి చూపించండి, లేదా చేత్తో పిలవండి." లోపలికి వెళ్లగానే ఆయనే అది చూపించారు. అక్కడున్న అమ్మాయి ఆ అట్టని చదివి, తన చేతిలోని కాగితం వెనక పెద్ద అక్షరాలతో "కూర్చోండి, నేనే వచ్చి పిలుస్తాను" అని రాసి చూపించింది. వచ్చింది కూడా. సూది తర్వాత కాసేపు కూర్చోబెట్టి చూస్తారు కదా, ఆ కాసేపూ ఆయన ఆ కాగితం చేతిలోనే పెట్టుకున్నారు.

టీకాలు వేయించుకున్నా, ఒమిక్రాన్ వచ్చిన ఆ చలికాలంలో ఆయనకి సోకింది. జ్వరం, గొంతు నొప్పి. గదిలో విడిగా ఉంచాం. అంతవరకూ మాస్కు అనేది వీధి సంగతి, ఇంట్లో నా ముఖం ఆయనకి కనబడుతూనే ఉండేది. ఇప్పుడు గుమ్మం దగ్గరికి వెళ్లాలన్నా నేను మాస్కు పెట్టుకోవాలి. జ్వరంలో చెవి మిషన్లు తీసేశారు, తలనొప్పిగా ఉందని. నేను ఏమడిగినా మళ్లీ ఆ తల ఊపే.

ఆ గదికి వసారా వైపు అద్దం కిటికీ ఉంది. రెండోరోజు పొద్దున నేను బయటికి వెళ్లి, కిటికీ తలుపులు బిగించి ఉన్నాయని చూసుకుని, మాస్కు తీసేసి అద్దానికి ఎదురుగా నిలబడ్డాను. నిద్ర పట్టిందా అని అడిగాను. గొంతు అద్దంలోంచి వెళ్లినా వెళ్లకపోయినా ఒకటే, ఆయన నా పెదవులు చూసి వెంటనే జవాబు చెప్పారు. అక్కడినుంచి ఆ జ్వరం రోజులన్నీ మా మాటలు కిటికీ దగ్గరే. వెలుగు నా ముఖం మీద పడే పొద్దుటిపూటే ఎక్కువగా మాట్లాడుకునేవాళ్లం.

ఆక్సిజన్ కూడా అక్కడే చూసేదాన్ని. కొందరికి ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి, బాగున్నట్టు కనబడినా కొలవమన్నారు డాక్టరు, 94 కంటే తగ్గితే ఆగకుండా ఫోన్ చేయమన్నారు. వేళ్లు చల్లగా ఉంటే, వేలికి పెట్టి ఆక్సిజన్ కొలిచే ఆ పరికరం తప్పు చూపిస్తుంది. అందుకని ఆయన ముందు అరచేతులు రుద్దుకునేవారు, కూర్చుని కాస్త స్థిమితపడేవారు, అప్పుడు వేలికి పెట్టుకుని అద్దానికి ఆనించేవారు. అంకె వెంటనే చూడకూడదు, అటూ ఇటూ ఊగి ఒకచోట నిలబడాలి. రెండు అంకెలుంటాయి, ఒకటి ఆక్సిజన్, ఒకటి నాడి. నా వైపునుంచి అవి తలకిందులుగా కనబడేవి. తలకిందులుగా చూస్తే 86 కూడా 98లా కనబడుతుంది, కాబట్టి నేను చూసినది చాలదని ఆయన కాగితం మీద రెండూ రాసి, ఏది ఏదో పేరు పెట్టి చూపించేవారు. డాక్టరు సహాయకులు ఇచ్చిన జాగ్రత్తల కాగితం ఒకటి లోపలే ఉంది. జ్వరం దిగినరోజు ఆయన దాన్ని అద్దానికి పెట్టి చూపించారు. అందులోని అచ్చుతప్పులన్నిటికీ ఎర్రసిరాతో గుర్తులున్నాయి, అంచులో సరైన అక్షరాలు, ప్రెస్సులో పెట్టినట్టే. నేను అప్పుడే పిల్లలకి ఫోన్ చేసి నాన్నకి తగ్గిందని చెప్పాను.

2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. మాస్కులు పోయాయి, ఆస్పత్రుల్లో మాత్రం ఇంకా కనబడుతూనే ఉంటాయి, ఉండాలి కూడా. ఆ అట్టముక్క మాసిపోతే ఆయన కొత్తది రాసుకున్నారు, చొక్కా జేబులో పెట్టుకుంటారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు అడిగినదానికల్లా నవ్వి తల ఊపుతుంటే వాళ్లకి వినికిడి పరీక్ష చేయించండి, వాళ్లతో మాట్లాడేటప్పుడు వెలుగులో నిలబడండి. మేం ఎక్కడికి వెళ్లినా నా కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుని కూర్చుంటాను. ఎవరైనా ఆయన సంగతి నన్నడిగితే, "ఆయన్నే అడగండి, మీ ముఖం కనబడితే చాలు" అంటాను.